ఓబళప్ప పోసిన నీళ్ళు

మా సిద్ధాపురంలో ఓబళప్పను మించిన అసూయపరుడు లేడంటే మిగతా అసూయపరులంతా నొచ్చుకుంటారు. వాళ్ళేమీ తక్కువ తిన్నవాళ్ళు కారు. కాకపోతే వాళ్ళ ఓర్వలేనితనం పక్కింటిదాకా పోయి, మహా అయితే వీధి చివరిదాకా పోయి ఆగేది. ఓబళప్పది ఊరంతా తిరిగొచ్చి సొంత గడపలోకే దూరింది. కట్టుకున్న పెళ్ళాం అక్కయమ్మ మీదనే పడింది. నగ కోసమో నట్ర కోసమో అయితే ఏదో అనుకోవచ్చు. తంగేడు చెట్ల కోసం పడింది.

మనిషి చెడ్డవాడు కాదు. తాగడు, పెళ్ళాం మీద చెయ్యెత్తడు. రోజాకు అంటు కట్టడంలో లాల్‌బాగ్ చుట్టుపక్కల అతనికి సాటి లేరు. అది తండ్రి పెద్దమునియప్ప నేర్పిన విద్య. కోసిన కొమ్మ తడి ఆరకముందే మట్టిలో పెట్టాలి, పెట్టిన వెంటనే నీళ్ళు పోయాలి, పసిబిడ్డకు పాలు పట్టినట్టు పొద్దున ఒకసారి, మాపున ఒకసారి తడుపుతూ ఉండాలి. ఇదే పెద్దమునియప్ప శాస్త్రం. ఓబళప్ప దాన్ని ఒక్క రోజు కూడా తప్పలేదు. అతను నాటిన పుల్ల చచ్చిందన్న మాట మా వీధిలో ఎవరూ వినలేదు. "ఓబళప్ప చెయ్యి పెడితే రోకలి కూడా చిగురేస్తాది" అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే విననట్టు నటించి, ఇంకోసారి చెప్పించుకునేవాడు.

చిక్కపేటలో పెద్ద బట్టల అంగడి ఉన్న ఆదినారాయణప్ప బసవనగుడిలో బంగళా కట్టించినప్పుడు ముంగిటి తోటకు ఓబళప్పను పిలిపించాడు. ఎర్రమట్టి తప్ప ఏమీ లేని ఆ ముంగిట్లో ఓబళప్ప పచ్చిక పరిచాడు, రోజాలు నిలబెట్టాడు, చలికాలంలో డేలియాలూ కార్నేషన్లూ పూయించాడు, గేటు మీద ఇనుప కమాను కట్టించి దాని మీదికి తీగరోజా ఎక్కించాడు. తోటల సంఘం వాళ్ళు ఏటా బంగళా తోటలకు పోటీ పెట్టేవాళ్ళు. వెండి కప్పు ఏళ్ళ తరబడి ఆ ఇంటికే వచ్చింది. కప్పు మీద చెక్కేది యజమాని పేరే అయినా, ఓబళప్ప వారానికోసారి హాల్లోకి పోయి తన పైగుడ్డతో దాన్ని తుడిచి వచ్చేవాడు. ఇంట్లో వేరే పనివాళ్ళు ముట్టుకుంటే ఒప్పుకునేవాడు కాదు.

అతనికి ఓర్వలేనితనం కూడా ఆ తోటతోపాటే పెరిగింది. ఎదురు బంగళాలో జినియాలు ముందుగా పూస్తే ఆ పూట సంగటి గొంతు దిగేది కాదు. పక్కవీధి మాలి కొత్త రంగు రోజా తెస్తే, అది పురుగు పట్టిందన్న కబురు వచ్చేదాకా నిద్ర పట్టేది కాదు. కబురు వచ్చాక మాత్రం పోయి పరామర్శించి, పురుగుకు మందు తనే చెప్పి వచ్చేవాడు. చచ్చే చెట్టును చూసి ఊరుకోలేడు, బతికే చెట్టును చూసి ఓర్చుకోలేడు. అట్లాంటి మనిషి.

అక్కయమ్మది మడకశిర పక్క పల్లె. అక్కడ వాన అంటే చుట్టం. వస్తే వచ్చినట్టు, రాకపోతే లేదు. కాపురానికి వచ్చినప్పుడు ఆమె మూటలో చీరలకంటే విత్తనాల పొట్లాలే ఎక్కువ ఉన్నాయని మా వీధి ఆడవాళ్ళు చాలా రోజులు నవ్వుకున్నారు. బంగళాలో ఆమె పని కసువు ఊడ్చేది, కలుపు తీసేది, ఆవుకు గడ్డి వేసేది. కొట్టం వెనక రాళ్ళూ పెంకులూ పోసిన జాగా ఒకటి ఉండేది. అక్కడ ఓబళప్ప పనిముట్లు కడిగే నీళ్ళు కూడా పారవు. ఆ జాగాలో ఆమె తనకు తోచినవన్నీ వేసుకుంది. పచ్చటి పూల తంగేడు, నిగనిగలాడే ఆకుల బందారు, గోడ మీద పాకే నల్లేరు, కలబంద, బొమ్మజెముడు, ముళ్ళగోరింట, నేల మీద నీలంగా పరుచుకునే విష్ణుక్రాంత. ఎవరికైనా కాలు బెణికితే నల్లేరు కోసి ఇచ్చేది, ఒళ్ళు కాలితే కలబంద చీల్చి ఇచ్చేది.

ఓబళప్ప దానికి కంపలతోట అని పేరు పెట్టాడు. "గొర్రెలు కూడా మూతి పెట్టవు, దీనికి మళ్ళీ మడి కట్టినావా?" అని ఎగతాళి చేసేవాడు. అక్కయమ్మ నవ్వి ఊరుకునేది. ఎగతాళి చేసినన్నాళ్ళూ కాపురం బాగానే సాగింది. పెరటి చెట్టు మందుకు రాదన్నట్టు, పెళ్ళాం చేతి పని ఓబళప్ప కంటికి ఆనలేదు.

యుద్ధం ముగిసిన ఏడు ముంగారు, అంటే తొలకరి వానలు ముఖం చాటేశాయి. ఊరికి నీళ్ళిచ్చే చెరువులు అడుగంటాయి. బంగళాలో నల్లి, అంటే నీళ్ళ కొళాయి, పొద్దున కాసేపు గురగురమని దగ్గి ఆగిపోయేది. నల్లి నీళ్ళు తోటలకు పోయకూడదని ఇంటింటికీ చెప్పి పోయారు. బావిలో చేద వేస్తే బురద వచ్చేది. ఆదినారాయణప్ప ఇంట్లో స్నానాలకే కొలత పెట్టారు. ఇక రోజాలకెక్కడివి?

ముందు పచ్చిక పోయింది. తర్వాత డేలియాలు పోయాయి. రోజాల కోసం ఓబళప్ప తన స్నానం మానుకున్నాడు, బియ్యం కడిగిన నీళ్ళు అడుక్కుని తెచ్చి పోశాడు, ఆకులకు తడిగుడ్డ కట్టాడు. అయినా ఒక్కొక్కటే పుల్లలయిపోయాయి. గేటు మీది తీగరోజా చివరికి పోయింది. దాన్ని కోసి కింద పడేసినప్పుడు ఓబళప్ప ఏడ్చాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు. అక్కయమ్మ చూసింది. తన చీర కొంగు ఇవ్వబోయింది. అతను తీసుకోలేదు.

ఆ రోజుల్లోనే ఆదినారాయణప్ప భార్య భాగీరథమ్మ కొట్టం వైపు వచ్చింది. ఆమె పుట్టిల్లు గౌరీబిదనూరు దగ్గర, అదీ వాన కరువు సీమే. కంపలతోట చూసి అట్లాగే నిలబడిపోయింది. ఊరంతా ఎండిపోతూ ఉంటే అక్కడ తంగేడు నిండా పూసి ఉంది. తేనెటీగలు ముసురుకుని ఉన్నాయి. నల్లేరు గోడంతా కప్పేసింది. బందారు ఆకు కడిగినట్టు మెరుస్తూ ఉంది.

"అక్కయమ్మా, వీటికి నీళ్ళు యాడ నుంచి తెస్తా ఉండావు?" అంది.

"నీళ్ళెక్కడివమ్మా? వీటికి నీళ్ళు వద్దు. రాయి కింద చెమ్మ ఉంటే చాలు, అవే వెతుక్కుంటాయి."

భాగీరథమ్మ ఆ మధ్యాహ్నమే భర్తను ముంగిట్లోకి పిలిచింది. ఓబళప్ప అక్కడే, రోజా పుల్లల మధ్య పార పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఈ ముంగిలి అక్కయమ్మకి ఇస్తాం. వెనక ఉండేవన్నీ ఈడ వేస్తాది" అంది ఆమె.

"ముంగిట్లో తంగేడా?" అన్నాడు ఆదినారాయణప్ప. "తోళ్ళు పదును చేసేదానికి బెరడు ఒలిచే చెట్టు అది. జనం నవ్వరా?"

"ఎండిన పుల్లల్ని చూసి నవ్వేదానికంటే మేలే కదా."

ఆదినారాయణప్ప ఓబళప్ప వైపు చూశాడు. "ఏమప్పా, నువ్వేమంటావు?"

ఓబళప్ప పారను మట్టిలో గుచ్చాడు. వద్దంటే తన దగ్గర పెట్టడానికి ఇంకేమీ లేదు. సరేనంటే ఇన్నేళ్ళ తోటను తన నోటితోనే కంపలకు అప్పగించినట్టు. మింగలేక, కక్కలేక, "మీ ఇష్టం సామీ" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అక్కయమ్మ ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి అతనికి కడుపులో భగ్గుమంది. పెళ్ళయ్యాక ఆమె ముఖం అంత కళగా ఉండటం అతను ఎన్నడూ చూడలేదు. తన రోజాలు కప్పు గెలిచిన రోజున కూడా చూడలేదు.

శ్రావణంలో ఒక్క జల్లు పడింది. అక్కయమ్మ దాని కోసమే కాచుకుని ఉంది. తంగేడు విత్తనాల మీద మరిగే నీళ్ళు పోసి నానబెట్టింది. నానిన వాటిని నేరుగా నేలలోనే విత్తింది. పీకి నాటితే తంగేడు బతకదు, దాని వేరు చెట్టుకంటే పొడుగని చెప్పింది. నేలను చదును చేయలేదు సరికదా, వాన నీళ్ళు ఎటు పారతాయో కాలితో గీత గీసి చూసుకుని, ఆ గీత వెంబడి చిన్న చిన్న గట్లు వేసింది. గట్ల పక్కన రాళ్ళు పేర్చింది. రోడ్డు వైపు బందారు వరసగా పెట్టి కత్తిరించి కంచెలా చేసింది. పచ్చిక ఉన్న చోట విష్ణుక్రాంత చల్లింది. ఎండిన తీగరోజా తీసేసిన ఇనుప కమాను మీదికి నల్లేరు ఎక్కించింది.

ఆ నల్లేరు ఓబళప్పను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. ఆ కమాను అతను కమ్మరి దగ్గర కూచుని ఒంపు తిప్పించినది. దాని మీదికి ఎముకల మాదిరి కణుపులు కణుపులుగా నల్లేరు పాకుతూ ఉంటే గేటు వైపు చూడకుండా తలవంచుకుని లోపలికి పోయేవాడు. తన పని ఇప్పుడు రాళ్ళు మోసేది, ఆమె చెప్పిన చోట పెట్టేది.

మరుసటి వేసవికి తోట లేచింది. నేనూ చూశాను. ఎండ దంచుతూ ఉన్నా ఆ ముంగిలి పచ్చగా ఉండేది. పొద్దునపూట నేలంతా నీలం పూలు, వాటి పైన తంగేడు లేత మొగ్గలు, రాళ్ళ సందుల్లో కలబంద. గాంధీబజారుకు పోయేవాళ్ళు గేటు దగ్గర ఆగి చూసేవాళ్ళు. ఒకరోజు ఎవరో పెద్దమనిషి ఓబళప్పను నిలబెట్టి, "అక్కయమ్మ మొగుడు నువ్వేనా?" అని అడిగాడు. అంతవరకూ ఆమెను అందరూ ఓబళప్ప పెళ్ళాం అనేవాళ్ళు. "కాదు" అనేసి వచ్చేశాడు ఓబళప్ప. ఆ సంగతి సాయంత్రానికి మా వీధంతా పాకింది. ఆడవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. అక్కయమ్మ నవ్వలేదు.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అతను గోడ వైపు తిరిగి తినేవాడు. తనకు తెలియని పని ఆమెకు ఎట్లా తెలిసిందన్నదే అతని బాధ. ఎవరో దొరగారి దగ్గర నేర్చుకుని ఉంటే సహించేవాడు. ఏ నర్సరీ వాడో చెప్పి ఉంటే ఇంకో నర్సరీ వాడి దగ్గరికి పోయి నేర్చుకునేవాడు. ఆమెకు ఎవరూ నేర్పలేదు. అడిగితే చెప్పేది, మూతి ముడుచుకునే రకం కాదు. కానీ అడగటమెట్లా? లాల్‌బాగ్ గోడ పక్కన పుట్టిన ఓబళప్ప, మడకశిర బీళ్ళ నుంచి వచ్చిన పెళ్ళాన్ని తోటపని అడగటమా? ప్రాణం పోయినా అడగడు.

ఆ ఏడు పోటీ ఆషాఢంలో పెడతామని సంఘం వాళ్ళు చెప్పారు. ఆదినారాయణప్పకు కూడా ఆశ పుట్టింది. కొత్త రకం తోట, ఎవరి దగ్గరా లేదు, కప్పు ఈసారీ మనదే అని అంగడిలో చెప్పుకోవటం మొదలుపెట్టాడు. గేటుకు రెండు వైపులా ఇంకా ఖాళీ ఉంది. అక్కడ బొమ్మజెముడూ నల్లేరూ పెడితే తోట నిండుతుంది.

సరిగ్గా అప్పుడే అక్కయమ్మ పుట్టింట్లో దేవర వచ్చింది. ఊరమ్మవారి జాతర అది, ఎన్నో ఏళ్ళకోసారి చేస్తారు, ఆడబిడ్డ పోకుండా కుదరదు. పోయేముందు ఆమె బొమ్మజెముడూ నల్లేరూ తుంటలు కోసి, కోసిన చోట బూడిద అద్ది, కొట్టం నీడలో చాప మీద పరిచింది.

"ఇదో మామా, ఈ తుంటల్ని ఇట్లే ఉండనీ. నేను వచ్చినాక నాటుతా. ముందర చెట్లకి కూడా నువ్వు చేసేది ఏమీ లేదు. సుమ్మనే ఉండు, అంతే చాలు" అంది.

"సుమ్మనే ఉండాల్నా? నాకేమీ తెలీదనా?"

"తెలీదని ఎవరన్నారు? పని లేదంటా ఉండా."

ఆమె మంచికే అంది. అతనికి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ముప్పొద్దులా చెట్ల కోసం బతికిన మనిషిని చెట్ల దగ్గర ఏమీ చేయకుండా ఉండమంటే అదే కదా అవమానం! ఆమె బండెక్కిపోయిన మరునాడు కొట్టంలోకి పోయి చాప మీది తుంటల్ని చూశాడు. కోసిన చోట్లు ఎండి ముడుచుకుపోతూ ఉన్నాయి. దాంతో అతనికి ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చింది. 'దీనికి ఇంత కూడా తెలియదు. కోసిన కొమ్మను ఎండబెట్టి పోయింది. ఇన్నాళ్ళూ ఏదో అదృష్టం కొద్దీ బతికించింది' అనుకున్నాడు. ఆ మాట అనుకోగానే చాలా నెలల తర్వాత కడుపు చల్లబడింది.

ఇక ఆగలేదు. గేటుకు రెండు పక్కలా గోతులు తీశాడు. పచ్చిపేడ కలిపాడు, ఆముదపు చెక్క దంచి వేశాడు, ఎండిన చోట్లు చెక్కేసి, మళ్ళీ పచ్చిగా చేసి తుంటలు నాటాడు. నాటిన వెంటనే నీళ్ళు పోశాడు. నీళ్ళెక్కడివంటే, సిద్ధాపురం చివర తోటల్లో కిందటేడు ఎండిన ఒక బావి ఈ మధ్యనే మళ్ళీ ఊరుతూ ఉంది. అక్కడి నుంచి కావడి కట్టుకుని మోశాడు. బసవనగుడిదాకా ఎంత దూరమో, ఎంత ఎక్కుడో మా ఊరివాళ్ళకు తెలుసు. భుజం మీద కాయ కాసింది. అయినా రోజూ పొద్దున వెలుగు రాకముందే మొదటి కావడి, సందెవేళ రెండోది.

గేటు పక్కన నాటినవాటితోనే ఆగి ఉంటే కథ వేరుగా ఉండేది. తంగేళ్ళను చూస్తే జాలేసింది. ఏడాదిగా వీటికి ఒక్క చెంబు నీళ్ళు పోసినవాళ్ళు లేరు. మొగ్గలు సన్నగా ఉన్నాయి. 'నా చెయ్యి పడితే ఎట్ల పూస్తాయో చూపిస్తా. సంఘం వాళ్ళు వచ్చినప్పుడు ఇది ఓబళప్ప తోట అనాల' అనుకున్నాడు. ఒక్కో తంగేడు చుట్టూ లోతుగా పాదు తవ్వాడు. పేడనీళ్ళు నింపాడు. విష్ణుక్రాంత మీద చెక్కపొడి చల్లి తడిపాడు. కమాను కింద నల్లేరు మొదట్లో బురద అయ్యేదాకా పోశాడు. చెప్పకూడదు గానీ, ఆ చెట్లను అంత ప్రేమగా చూసినవాళ్ళు లేరు. అక్కయమ్మ కూడా చూడలేదు. ఆమె వాటిని వాటి మానాన వదిలేసింది. అతను ఒక్కొక్క దాని దగ్గరా కూచుని, ఆకు వెనక తిప్పి చూసి, మాట్లాడి మరీ నీళ్ళు పోశాడు.

వారం తిరిగేలోపు తంగేడు ఆకు పసుపు తిరిగింది. నీళ్ళు చాలలేదేమోనని ఇంకో కావడి పెంచాడు. మొగ్గలు రాలాయి. ఇంకా పోశాడు. నాటిన బొమ్మజెముడు తుంటలు మొదట్లో మెత్తబడి ఒక పక్కకు ఒరిగాయి. కర్రలు పాతి కట్టాడు. కమాను మీది నల్లేరు కణుపు కణుపు దగ్గరా విడిపోయి కింద పడసాగింది. ఒక తుంట చేతిలోకి తీసుకుంటే వేళ్ళ మధ్య చీము మాదిరి జారింది. కోసిన చోటు ఎండాకే నాటాల్సిన, నీళ్ళు పోయకుంటేనే బతికే చెట్లివని అప్పటికి గాని ఓబళప్పకు తెలియలేదు. తుంట పారేసి చేతులు పైగుడ్డకు తుడుచుకున్నాడు. ఏ చేతిని చూసి రోకలి చిగురిస్తుందన్నారో, ఆ చేతితోనే తోటంతా మురగబెట్టాడు.

ఓబళప్ప చూసుకుంటాడులే అని అన్నాళ్ళూ ఊరుకున్న భాగీరథమ్మ, అక్కయమ్మ వచ్చే రోజు పొద్దున ముంగిట్లోకి వచ్చి కెవ్వున అరిచింది. ఆదినారాయణప్ప సగం గడ్డం గీసుకుని, సబ్బు నురగతోనే బయటికి వచ్చాడు. తంగేళ్ళు మోడులయి ఉన్నాయి. నేల మీద నీలం పోయి నల్లటి జిగురు మిగిలింది.

"ఓబళప్పా, రోజూ చీకట్నే వచ్చి వీటికి ఏందో పోస్తా ఉండావు కదా. నేను కిటికీలో నుంచి చూసినా. ఏం పోస్తివి?" అంది భాగీరథమ్మ.

ఓబళప్ప తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. 'నీళ్ళు పోశానమ్మా' అంటే సరిపోయేది. నిజం అదే. కానీ ఆ మాట బయటికి వస్తే దాని వెనకనే ఇంకో మాట వస్తుంది. నీళ్ళు పోస్తే చచ్చే చెట్లని ఓబళప్పకు తెలియలేదట! పెళ్ళానికి తెలిసింది మొగుడికి తెలియలేదట! ఆ మాట సిద్ధాపురమంతా తిరుగుతుంది, లాల్‌బాగ్ మాలీల దాకా పోతుంది. దాన్ని తలుచుకుంటే చావు నయమనిపించింది.

"ఉప్పునీళ్ళు పోసినానమ్మా" అన్నాడు.

"ఏమంటివీ?"

"దాని పేరు వినలేకపోయినా. అందరూ దాన్నే మెచ్చుకుంటా ఉంటే ఓర్వలేకపోయినా. కావాలనే పోసినా."

ఆ మాట అంటూ ఉంటే అతని వెన్ను నిటారుగా అయింది. ఆదినారాయణప్ప గడ్డం గీసే కత్తి పట్టుకున్న చెయ్యి దించకుండా అలాగే చూశాడు. గేటు బయట ఇద్దరు ముగ్గురు పోగయ్యారు. సరిగ్గా అప్పుడే నెత్తిన మూటతో అక్కయమ్మ గేట్లోకి వచ్చింది. మూట నిండా పుట్టింటి నుంచి తెచ్చిన విత్తనాలు.

ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆమె మూట దించి, తోట వైపు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భాగీరథమ్మ ఆవేశం ఆపుకోలేక అంతా చెప్పేసింది.

"విన్నావా అక్కయమ్మా? ఉప్పునీళ్ళు పోసినాడంట! నీ మీద కడుపుమంటతో! ఆయప్పే నోరారా చెప్పినాడు."

అక్కయమ్మ ఒక తంగేడు దగ్గర కూచుంది. పాదులో చెయ్యి పెట్టింది. పీకితే చెట్టు ఊరికే చేతిలోకి వచ్చేసింది. వేరు వాసన చూసింది. తర్వాత పాదులోని మట్టి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది.

ఆమె సీమలో చౌడు నేలలెక్కువ. విత్తేముందు మట్టిని అట్లా నాలుకకు తగిలించి చూస్తారు, ఉప్పగా ఉంటే ఆ చోటు వదిలేస్తారు. చిన్నప్పటి నుంచీ చేసిన పని కనుక ఆమె నాలుక తప్పదు. మట్టిని ఉమ్మేసి, కొంగుతో నాలుక తుడుచుకుని, తలెత్తి మొగుడి వైపు చూసింది. ఓబళప్ప ఆ చూపు తట్టుకోలేక చేతిలో ఉన్న కావడి బద్ద వైపు చూసుకున్నాడు. బద్ద తడిగా ఉంది. భుజం మీద పైగుడ్డ జారి, కాయ కాసి చిట్లిన చోటు కనిపిస్తూ ఉంది.

ఇక చెప్పేస్తుందని అతను కళ్ళు మూసుకున్నాడు.

"ఇట్లాంటోనితో ఎట్ల కాపురం చేస్తా ఉండావే?" అంది భాగీరథమ్మ.

అక్కయమ్మ లేచి చేతులు దులుపుకుంది.  కోపం వచ్చింది, దాచలేదు.

"ఓర్వలేనోడేనమ్మా. అది నాకి పెండ్లైన కాన్నుంచి తెలుసు" అంది. "పని తెలీనోడు మాత్రం కాదు. చెట్టుని బతికించేది తెలిసినోనికే సంపేది కూడా తెలుస్తాది. ఇంగొకరైతే ఇంత బాగా సంపలేరు."

గేటు బయట ఉన్నవాళ్ళు తలలాడించారు. ఆదినారాయణప్ప తువ్వాలుతో నురగ తుడుచుకుని, ఇక మీదట ఓబళప్ప ఆ గేట్లో కాలు పెట్టకూడదన్నాడు. పోటీకి పేరు తీసేస్తామన్నాడు. అక్కయమ్మ ఉండవచ్చు, ముంగిలి ఆమెదే, మళ్ళీ వేసుకోమన్నాడు. ఓబళప్ప దణ్ణం పెట్టి, కావడి భుజానికెత్తుకుని బయటికి నడిచాడు.

సిద్ధాపురంలో ఆ కథ చాలా కాలం తిరిగింది. పెళ్ళాం తోటకు ఉప్పునీళ్ళు పోసినవాడని పిల్లలు కూడా వెనక నుంచి అనేవాళ్ళు. కానీ రోజా అంట్లకు మాత్రం అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. "బుద్ధి చెడ్డదేగానీ చెయ్యి మంచిది" అనేవాళ్ళు. చచ్చేదాకా ఆ మాట మీదనే బతికాడు.

ఇదంతా తర్వాతి సంగతి. ఆ రోజు మాత్రం అతను బంగళా దాటి ఎక్కువ దూరం పోలేదు. రోడ్డు మలుపు దగ్గర ఆగి నిలబడ్డాడు. కాసేపటికి అక్కయమ్మ మూటతో వచ్చింది. అతన్ని చూసీ ఆగకుండా ముందుకు నడిచింది. అతను వెనకనే నడిచాడు. 

లాల్‌బాగ్ గోడ దగ్గరికి వచ్చాక అతనే అడిగాడు. "మన్ను నాలిక్కి పెట్టుకుంటివి కదా."

"పెట్టుకున్యా."

"ఉప్పు తగల్లేదు కదా."

"లేదు. వట్టి తీపి నీళ్ళు."

"మళ్ళీ యాల అట్లంటివి అందరి ముందర?"

అక్కయమ్మ ఆగింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. చచ్చిన చెట్ల కోసమో, ఇంకెందుకోసమో.

"నీకి ఉండేది పని తెలిసినోడనే పేరు ఒకటే కదా మామా. అది కూడా పీకేస్తే ఏం పెట్టుకొని బతుకుతావు?" అంది.

నిజంగానే ఉప్పునీళ్ళు పోసి ఉంటే బాగుండేదని ఓబళప్పకు అప్పుడు అనిపించింది.